మబ్బు సందున జడ్చర్ల

విమానం దిగడం మొదలై చెవులు గుయ్యిమన్నప్పుడల్లా నాకు అనంతయ్య సారు నోటి జర్దా వాసన గుర్తొస్తుంది. మొన్న బెంగుళూరు నుంచి వస్తుంటేనూ అంతే.

ఆయనది తిరుమలగిరి పక్క పల్లె. పోలీసు చర్య అయిన ఏడెనిమిదేళ్లకు, బెంగుళూరు నుంచి హైదరాబాదు వచ్చే డకోటాల్లో ఆయన దారి చూపే నావిగేటర్. నేను ఆయన చేతికింద పని నేర్చుకునేవాణ్ణి. ఆకాశంలో పెద్ద దారి ఒకటి, విమానాశ్రయంలోకి దిగే దారి ఒకటి ఉంటాయి. ఆ రెంటినీ కలిపే ముక్కను ఇప్పటివాళ్లు ట్రాన్సిషన్ అంటున్నారు. సారు నడిమితొవ్వ అనేవారు. అది మొదలయ్యే చోట పొరబడితే, ఎంత పద్ధతిగా దిగినా ఎదురుగా గుట్ట ఉండొచ్చు.

మా నడిమితొవ్వ జడ్చర్ల స్టేషన్ మీద మొదలయ్యేది. నేను పుట్టిన ఊరు. ఒక వానాకాలం మబ్బు సందున రైలుపట్టాలు, చెరువు కనబడగానే జడ్చర్ల వచ్చిందన్నాను.

"చూసినవా, అనుకున్నవా?" అన్నారు సారు.

"మా ఊరు నాకు తెల్వదా సారూ?"

పైలట్ నా మాట విని విమానాన్ని మలిపి కిందికి దించసాగాడు. సారు దిక్సూచి చూశారు, గడియారం చూశారు, రేడియోలో హైదరాబాదు ఏ దిక్కు నుంచి పలుకుతోందో విన్నారు. ఏదీ కలవలేదు. వెంటనే పైకి లేపమని పైలట్‌కు ఉర్దూలో చెప్పారు. వెనక సీట్లలో చంటిపిల్లల తల్లులున్నారు. కాసేపటికి మబ్బు విడింది. రెక్క కింద నల్లటి గుట్ట, దానిమీద బెదిరి పరుగెడుతున్న మేకలు. జడ్చర్ల అనుకుని నేను చూసింది మహబూబ్‌నగర్.

మళ్లీ పట్టాల వెంట వెళ్లి, జడ్చర్ల స్టేషన్ కప్పు కళ్లారా చూశాకే మలుపు తిరిగాం. చక్రాలు నేలను తాకేసరికి నా చొక్కా తడిసిపోయింది.

తిడతారనుకున్నాను. చాయ్ తాగుతూ తన సంగతి చెప్పారు. రజాకార్ల రోజుల్లో ఊరి బురుజు మీద కావలి ఆయనదట. సందెవేళ దుమ్ము లేస్తే వాళ్లే వచ్చారని కేకేశారట. ఊరు ఊరంతా వడిసెలలతో రాళ్లు రువ్వింది. వచ్చినవాడు సంత నుంచి ఇంటికి వస్తున్న సొంత అన్న.

"ఒక కన్ను పోయింది, గని బతికిండు," అన్నారు. "నీకు గుట్ట తప్పింది. గిది యాది పెట్టుకో, చాలు."

పెట్టుకున్నాను, కానీ అన్నిసార్లూ కాదు. ఎవరో చెప్పింది నమ్మి, భార్య మీదా తమ్ముడి మీదా చూడకుండానే నిందలు వేసిన రోజులున్నాయి. అప్పుడు పైకి లేపమనే మనిషి నా పక్కన లేడు.

మొన్న కూడా మబ్బు సందున ఒక చెరువు, పక్కన పట్టాలు కనబడ్డాయి. పక్కసీటులోని పిల్ల, "తాతా, గిది ఏ ఊరు?" అని అడిగింది. జడ్చర్ల అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది.

"తెల్వదు బిడ్డా, జర మబ్బు తీయనీ," అన్నాను. అనగానే గుండె తేలికైంది.