రూల్ఫీన్ మొవ్వు లాగిన రోజు

బంగాళాదుంపలు పండే డ్రెంటె అనే చలిప్రాంతపు నేలలో తాటిచెట్టు చుట్టాన్ని తెచ్చి పెట్టిన మనిషి రూల్ఫీన్. స్కూలు బస్సు నడుపుతుంది. గింజ నాటి, మొలిపించి, ఆ పామ్ చెట్టును తన తలను మించి పెంచింది. "ఇక్కడ బతకదమ్మా" అని ఊరంతా నవ్వింది. ఊరికి ఆమె చెప్పిన జవాబు ఆ చెట్టొక్కటే. అది చస్తే ఆమె పరువూ దాంతోనే పోతుంది.

ఏటా చలి ముదరగానే ఆకులన్నీ పైకి కట్టి, కాండానికి దీపాల తోరణం చుట్టి, పైన తెల్లని గుడ్డ కప్పేది. ఆ పాతకాలపు బల్బుల వేడే చెట్టుకు దుప్పటి. "మీ పెళ్లికూతురు ముసుగేసుకుందా?" అని పక్కింటివాళ్లం ఆటపట్టించేవాళ్లం.

ఆ ఏడు జనవరిలో చలి మైనస్ పద్నాలుగుకు దిగింది. కాలవలు గడ్డకట్టాయి. రూల్ఫీన్ మాత్రం పొద్దున్నే కిటికీలోంచి గుడ్డ వెనక వెలుగు చూసుకుని, నిశ్చింతగా పనికి వెళ్లేది. ఒక మధ్యాహ్నం ఎందుకో గుడ్డలో చెయ్యి పెట్టి చూసింది. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి, కానీ మంచుముక్కల్లా ఉన్నాయి.

"హార్మ్! ఈ దీపాలెక్కడివి?"

ఆమె మొగుడు హార్మ్ పాలు పితికే యంత్రాలు బాగుచేస్తాడు. చేసిన ప్రతి పనినీ పదిమందికి చెప్పుకునే రకం. "నేనే మార్చా! పాతవి కరెంటు తాగేస్తున్నాయి. ఇవి ఎల్ఈడీలు. చూడు, ఎంత వెలుతురో!"

"వెలుతురెవరికి కావాలయ్యా? చెట్టేమైనా పేపరు చదువుతుందా?"

హార్మ్ పరుగున వెళ్లి షెడ్డులోంచి పాత తోరణం తెచ్చి చుట్టాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

మార్చిలో ముసుగు తీశారు. బయటి ఆకులు మాడిపోయి ఉన్నాయి. అసలు సంగతి నడిమధ్యన కొత్తాకులు పుట్టే మొవ్వుది. అది కుళ్లితే లాగగానే చేతిలోకి ఊడొస్తుంది, ఇక చెట్టు మీద ఆశ వదులుకోవాల్సిందే. పామ్ చెట్లు పెంచే వాళ్లంతా వసంతంలో ముందు చేసే పని ఆ లాగడమే. రూల్ఫీన్ చెయ్యి చాచింది, వెనక్కి తీసుకుంది. ఆమె వల్ల కాలేదు.

హార్మ్ నల్ల మార్కరు తెచ్చి మొవ్వు మీదా, పక్క ఆకు కాడ మీదా కలిపి ఒకే అడ్డగీత గీశాడు. మొవ్వు ఎదిగితే దాని మీది గీత పైకి జరుగుతుంది. రూల్ఫీన్ రోజూ బస్సెక్కే ముందు చూసేది. గీత ఉన్నచోటే ఉండేది. ఆమెకు తిండి సయించడం మానేసింది.

ఏప్రిల్‌లో ఒక పొద్దున గీత అర వేలెడు పైకొచ్చింది!

"హార్మ్! రా, చూడు!"

వంటింటి కిటికీలోంచి తలూపాడే గానీ అతను బయటికి రాలేదు. గోరంత పనికి కొండంత చెప్పుకునే మనిషి, ఇంత సంబరానికి గడప దాటడా? రూల్ఫీన్ వంగి చూసింది. మొవ్వు మీద పాత గీత ఉన్నచోట తుడిచేసిన నల్లటి మరక ఉంది.

"నువ్వే గీశావు కదూ?"

"నీ మొహం చూళ్లేకపోయానే."

"నా మొహం సంగతి నీకెందుకు!"

ఇన్నాళ్లూ ధైర్యం చాలక చెయ్యని పని ఇప్పుడు కోపంలో చేసేసింది. మొవ్వును రెండు చేతులా పట్టుకుని లాగింది. రాలేదు. కాలు తన్నిపెట్టి మళ్లీ లాగింది. చెట్టు ఊగింది గానీ మొవ్వు కదల్లేదు. రూల్ఫీన్ గట్టిగా ఏడ్చేసింది.

హార్మ్ చెప్పుల్లేకుండానే పరుగెత్తుకొచ్చాడు. "ఊడిందా?"

"ఊడలేదు. నువ్వూ లాగు."

అతను రెండు వేళ్లతో అంటీ అంటనట్టు ముట్టుకున్నాడు.

"గట్టిగా పట్టుకోవయ్యా! దొంగగీత గీసినప్పుడు లేని భయం ఇప్పుడెందుకు?"

హార్మ్ గుప్పిటతో పట్టుకున్నాడు. లాగలేదు. తన బస్సుకు వేళైందని రూల్ఫీన్ గుర్తుచేసే దాకా వదలనూ లేదు.