మాట దాచిన రాయబారి

పోయిన నెల ఒక శుక్రవారం పొద్దున మా తమ్ముడు సుబ్రహ్మణ్యం పరమపదించాడు. మీరంతా మాస్టారు అని పిలిచిన మనిషి. ఇక్కడ కువైట్‌లో, అబూ హలీఫాలో మా అబ్బాయి ఇంట్లో పప్పు పొయ్యిమీద ఉండగా ఊరినుంచి కబురొచ్చింది. గుండెపోటట. నిర్ఘాంతపోయాను. ఆ వెనకే కోపం వచ్చింది, అది ఇంకా తగ్గలేదు. రాయవలసింది రాయకుండా పోయాడు.

నాది ఐదో తరగతి చదువు. ఇక్కడి తెలుగు సంఘం వారు తమ సంచికకు రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. కాగితం వృథా చేయను.

పాలకొల్లులో డచ్చివారి పాత సమాధుల మధ్య ఆడుకుంటూ పెరిగినవాడు గనక వాడికి ఆ జాతి మీద ఆపేక్ష. బళ్ళో చరిత్ర చెప్పి, తర్వాత కువైట్ సిటీలో గుమాస్తాగా చేరినా ఆ పిచ్చి పోలేదు. దాదాపు నాలుగు వందల ఏళ్ళ కిందటి ఒక డచ్చి దొర జీవితం వాడి నోట విన్నన్నిసార్లు నేను రామాయణం కూడా వినలేదు. స్పెయిన్ రాజు మీద ఆ దేశం తిరగబడ్డ కాలమట. ఆ దొర తన ప్రభువు తరఫున రాయబారిగా తిరిగేవాడు, ఇంటికొచ్చి ఆ యుద్ధం చరిత్రే రాసేవాడు. తనవాళ్ళ తప్పులూ దాచలేదట. అయితే బతికుండగా అచ్చు వేయలేదు. "అచ్చయితే రేపు ఏ కోటలో అడుగు పెట్టనిస్తారక్కా?" అనేవాడు మావాడు, తానే ఆ దొరైనట్టు.

ఒక విధంగా దొరే. అరబ్బీ వచ్చు, ఉర్దూ వచ్చు, నోరు మెత్తన. ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కాగితానికి చిక్కులొచ్చినా, పనిలో పెట్టుకున్న కఫీల్ పాస్‌పోర్టు ఇవ్వకపోయినా, రాయచోటి వారైనా కోనసీమ వారైనా వాడి తలుపే తట్టేవారు. కఫీల్ ఇంటికెళ్ళి చాయ్ తాగి, ఎవరి గొంతూ పెరగకుండా వ్యవహారం తెమిల్చేవాడు. అక్కడ విన్నది అక్కడే వదిలేసేవాడు. ఉల్లిపొట్టు పారేయడానికి కూడా ఆలోచించే నేను, మాటల్లో వాడి పిసినారితనం ముందు దిగదుడుపే.

ఇరాన్, ఇరాక్ యుద్ధం మొదలైన ఏడాది అమలాపురం దగ్గరి పిల్ల సత్యవతి మీద, పనిచేసే ఇంటావిడ బంగారు గాజు తీసిందని నింద పడింది. వీడు వెళ్ళి కూర్చుంటే, తీసింది ఆ ఇంటి పెద్దకొడుకని తేలింది. ఇంటాయన పరువు కోసం షరతు పెట్టాడు. కేసు లేదు, పాస్‌పోర్టు ఇస్తాను, పిల్ల వెళ్ళిపోవాలి, మాట బయటికి రాకూడదు, అంతటితో ఖలాస్. వీడు సరేనన్నాడు. పిల్ల క్షేమంగా ఇంటికి చేరింది. దొంగ అన్న పేరూ ఆమెతోనే చేరింది. ఎవరూ పనికి పిలవరు, అత్తగారు వంటింటికి తాళం వేసుకుంటుంది. పీకి పీకి అడిగితే నాకొక్కదానికి చెప్పాడు.

"ఆ అత్తగారికి ఒక్క ముక్క చెబితే నీ నోరు అరిగిపోతుందిరా?" అన్నాను.

"మాటిచ్చానక్కా. నా మాట నమ్మేగా రేపు ఇంకో పిల్లని వదులుతారు."

"మరి ఈ పిల్లో?"

"రాస్తాను. నేను పోయాక చదువుకుంటారు. మా దొర చేసిందీ అదే."

"మీ దొర రాశాకే పోయాడు నాయనా. నువ్వు ముందు కలం పట్టు."

"పడతాలే. ఇంకో గ్లాసు టీ ఇవ్వు, పొద్దున మరిగించిన పొడే మళ్ళీ వేయకు" అని నవ్వాడు.

కలం పట్టలేదు. ఊళ్ళో వాడి గదంతా వెతికించాను. దొర మీద పుస్తకాలున్నాయి, వీడు రాసిన ముక్క ఒక్కటి లేదు.

కాబట్టి నేను రాస్తున్నాను. నేనెవరికీ మాటివ్వలేదు. సత్యవతి గాజు తీయలేదు. ఆ ఇంటి పేరు మాత్రం రాయను, తమ్ముడి మాటకు అంతవరకు మర్యాద. సెలవుకి అమలాపురం వెళ్ళేవారు ఈ సంచిక పట్టుకెళ్ళి ఆ అత్తగారికి చదివి వినిపించండి, ఇరుగుపొరుగుకు కూడా వినబడేట్టు.

పెద్దదాన్ని గనక వాడికి నమస్కారం పెట్టను, ఆశీర్వదిస్తున్నాను. అంతటి ధర్మాత్ముడు, అంతటి మౌని మనకు మళ్ళీ దొరకడు. వాడు ఇలా కుదిర్చిన వ్యవహారాలు ఇంకెన్నో ఉన్నాయి. వాటిలో ఎంతమంది ఆడపిల్లలు చేయని తప్పు మోస్తున్నారో నాకు తెలియదు. తెలిసినవాడిని గోదావరి ఒడ్డున కాల్చేశారు.