వల కోసిందెవరు

తెల్లవారుజాము నుంచి పడమటి గాలి. సముద్రం అణిగి ఉంది. వేట నుంచి వచ్చి వలలో చిక్కిన కవ్వళ్ల చేపలు దులుపుతుండగా శ్రీకూర్మం నుంచి ఫోన్ వచ్చింది. హైస్కూల్లో నాకు సోషల్ చెప్పిన మాస్టారు పోయారు. ఇంటికెళ్లి నాన్నకు చెప్పాను.

మాస్టారికి ఒక పద్ధతి ఉండేది. యుద్ధాల పాఠం అయ్యాక ప్రతి ఒక్కరం మా ఇంటివాళ్ల సాహసం ఒకటి రాసి తేవాలి. "రాజులవి పుస్తకంలో ఉన్నాయి. మీ ఇంట్లోవి ఎవులు రాస్తారురా?" అనేవారు. రాసింది వెంటనే నమ్మేవారు కాదు. సాయంత్రం సైకిలు మీద వెళ్లి, ఆ పని చేసిన మనిషినే అడిగేవారు. నిజమని తేలితేనే మర్నాడు బోర్డు ఎక్కేది.

తొమ్మిదో తరగతిలో నేను నాన్న గురించి రాశాను. గాలివానలో పక్క తెప్ప తిరగబడితే, నాన్న చేపలతో నిండిన సొంత వల కోసి వదిలేసి, వెళ్లి ముగ్గురిని లాక్కొచ్చాడని. ఊరంతా అలాగే చెప్పుకునేది. ఆ గొప్పతో క్లాసులో నన్ను పట్టడానికి లేదు.

మాస్టారు వచ్చేసరికి నాన్న, ఆ గాలివాన రోజు నాన్న తెప్ప మీదే ఉన్న మా మేనమామ అరుగు మీద చిరిగిన వల కుడుతున్నారు. మాస్టారు నా కాగితం చదివి వినిపించారు.

"ఏటి, ఇది నిజవేనా?"

నాన్న నా వైపు చూశాడు. దారం పక్కన పెట్టాడు.

"వల కోసింది నాను కాదు బాబూ. ఈ బావ. నాను వద్దన్నాను."

"వద్దనడవేటి!" మావ నవ్వాడు. "కత్తి లాక్కుందావని నా సెయ్యి కొరికేసాడు మాస్టారూ. మచ్చ సూడండి."

"మరి ఊరంతా నీ పేరే సెప్తన్నారే?"

"తెప్ప నాది కదా బాబూ. అందరూ అలగే అనుకున్నారు. నాను కాదనలేదు."

నా చెవులు మండాయి. తల ఎత్తలేదు.

మర్నాడు బోర్డు మీద రెండు వాక్యాలున్నాయి. "వీడి మేనమామ వల కోసి ముగ్గురిని బతికించాడు. వీడి తండ్రి, కొడుకు ముందే నిజం ఒప్పుకున్నాడు." రెండోది చదివి వెనక బెంచీలో ఒకడు నవ్వాడు.

"ఏట్రా నవ్వుతావు? మొదటిదానికి తుపాను రావాల. రెండోది నువ్వు ఈ రోజే సెయ్యొచ్చు. సెయ్యి, సూద్దాం."

నాన్నని తక్కువగా చూసే వయసులో నన్ను ఆ పని చెయ్యనివ్వలేదు మాస్టారు. నాకు ఆయన చేసిన మేలు అది.

కబురు విని నాన్న ఉతికిన చొక్కా వేసుకున్నాడు. మావకి మోకాళ్ల నొప్పులు. చంక కింద చెయ్యివేసి ఆటో ఎక్కించాడు. ఇద్దరూ ఎనిమిదింటికే శ్రీకూర్మం వెళ్లారు. మాస్టారిని పదకొండింటికి శ్మశానానికి తీసుకెళ్లారు.