జాబితాలో లేని పేరు

కర్నూలులో నేను డిగ్రీ పిల్లలకు ఎకనామిక్స్ చెప్పే రోజులవి. సొంతూరు కడప. అక్కడ ఒక ట్రైనింగ్‌లో మొదటిసారి చూశాను, నలుగురు నాలుగు చోట్ల కూర్చుని ఇంటర్నెట్‌లో ఒకే డాక్యుమెంట్ రాయడం. ఎవరు ఏ వాక్యం రాశారో, ఏది కొట్టేశారో పేర్లతో సహా పక్కన జాబితాలో చూపిస్తుంది. అబ్బ, ఎంత సంబరపడ్డానో! గ్రూప్ ప్రాజెక్ట్ అంటే ఒకరు చాకిరీ చేయడం, ముగ్గురు సంతకాలు పెట్టడం. ఇక ఆ పనిదొంగల ఆటలు సాగవనుకున్నాను.

ఫైనలియర్ పిల్లలను నలుగురికొక జట్టుగా చేశాను. కాగితాలు తెస్తే ముట్టుకోనని ముందే చెప్పాను. కాలేజీలో నెట్ ఉన్నది ప్రిన్సిపాల్ గదిలో ఒక్కటే, అందుకని నెట్ సెంటర్లకు పోయి రాయమన్నాను.

ఒక జట్టులో కోడుమూరు నుంచి రోజూ బస్సులో వచ్చే అమ్మాయి ఉండేది. వాళ్ళ నాన్నకు అక్కడ కిరాణా అంగడి. అడిగితే తప్ప నోరు విప్పేది కాదు. ఒకసారి మాత్రం మెట్ల దగ్గర నన్ను ఆపింది.

"పీజీ చదవాలని ఉండాది మేడం. ఫస్ట్ క్లాస్ వస్తేనే పంపిస్తానన్యాడు మా నాయన. రాకపోతే ఇంట్లో కూచోమన్యాడు."

"వస్తుంది లేవే, బాగా చదువు" అన్నాను. నిజంగానే వస్తుందనుకున్నాను.

వాళ్ళ జట్టు కోడుమూరు వైపు ఎండిపోయిన బావుల మీద రాసింది. మొదలుపెట్టాక చివరిదాకా ఆపకుండా చదివాను. ఏ రైతు ఎన్నిసార్లు బోరు వేయించాడు, ఏ బావి ఎప్పుడు అడుగంటింది, ఆ యేడు పశువులను ఎవరు ఎక్కడికి తోలుకుపోయారు, అన్నీ ఉన్నాయి. ఎవరు రాశారా అని జాబితా చూస్తే టౌను పిల్లలు ముగ్గురి పేర్లే. కోడుమూరు పిల్ల పేరు ఒక్కచోట కూడా లేదు.

నాది మొదట్నుంచీ పాడు నోరు. క్లాసులో అందరి ముందూ నిలబెట్టాను.

"ఒక్క ముక్కైనా రాశావా నువ్వు?"

"రాసినా మేడం. కాగితాల మీద రాసిచ్చినా."

"కాగితాలు వద్దని మొత్తుకున్నాను కదా! నీ మాటలు నమ్మడానికి నేనేమన్నా పిచ్చిదాన్నా? ఎవరు రాశారో అందులో అంతా ఉంది."

ఆ పిల్ల తన జట్టు వైపు చూసింది. ముగ్గురూ తలలు దించుకున్నారు. స్నేహితురాలి బండారం బయటపడిందని సిగ్గుపడుతున్నారనుకున్నాను. ఆమె కూర్చుంది. ప్రాజెక్టుకు ఆమెకు సున్నా వేసి మార్కుల లిస్టు పరీక్షల ఆఫీసుకు పంపించేశాను. ఒక దొంగను పట్టుకున్నానని స్టాఫ్ రూములో గొప్పలు కూడా చెప్పుకున్నాను.

రిజల్ట్స్ వచ్చిన వారానికి ఆ ముగ్గురిలో ఒకమ్మాయి మా ఇంటికి వచ్చింది. చేతిలో మడతలు పడిన కాగితాల కట్ట ఉంది.

"అంతా ఆయమ్మే రాసింది మేడం. నెట్ సెంటర్ మెట్లెక్కితే కాళ్ళిరగ్గొడతానన్యాడంట వాళ్ళ నాయన. మేం టైపు కొట్టినాం, అంతే."

"మరి ఆ రోజు నోట్లో ఏం పెట్టుకున్నారే?"

"మాగ్గూడా సున్నా ఏస్తారని భయమయింది మేడం."

నెట్ సెంటర్ అంటే కర్టెన్లు కట్టిన చిన్న గూళ్ళు. ఆడపిల్ల అందులోంచి బయటికొస్తే జనం ఏమంటారో నాకు తెలియదా? నేను వెళ్ళినప్పుడే కొంగు సర్దుకుని, ఎవరైనా చూస్తున్నారేమోనని వెనక్కి తిరిగి చూసుకునేదాన్ని. అయినా తట్టలేదు. ఆ బావుల సంగతులు టౌను పిల్లలకెలా తెలుస్తాయన్నది కూడా తట్టలేదు. నా బుద్ధి గడ్డి తినింది.

ఆ సున్నా వల్లే ఆమెకు ఫస్ట్ క్లాస్ తప్పింది. పంపిన లిస్టు మార్చడం కుదరదన్నారు పరీక్షల ఆఫీసులో. రెండుసార్లు తిరిగాను. మూడోసారి గుమాస్తా తలెత్తి కూడా చూడలేదు.

ఆ ఆదివారం కోడుమూరు వెళ్ళాను. ఆమె అంగట్లో కందిపప్పు తూకం వేస్తోంది. నన్ను చూసి గబుక్కున లేచి, స్టూలు తుడిచి వేసింది. తప్పంతా నాదేనని వాళ్ళ నాన్నకు చెప్పాను, పీజీకి పంపించమని బతిమాలాను.

"ఫస్ట్ క్లాస్ రాల్యా కదమ్మా. మాటంటే మాటే" అన్నాడాయన, మర్యాదగానే. "ఈడ అంగడి చూసుకునేకి మనిషి కావల్ల."

ఆమె నాతోపాటు బస్టాండు దాకా వచ్చింది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. బస్సు కదిలే ముందు కిటికీ దగ్గరికి వచ్చి అడిగింది.

"బావుల గురించి బాగా రాసినానా మేడం?"

"శానా బాగా రాసినావమ్మా" అన్నాను. క్లాసులో అనాల్సిన మాట అది.

కర్నూలుకు వచ్చి నెట్ సెంటర్‌లో ఆ డాక్యుమెంట్ తెరిచాను. అన్నిటికంటే పైన, రాసినవారు అని పెట్టి, ఆమె పేరు టైపు చేశాను. పక్కన జాబితాలో కొత్త వరుస పడింది, ఆ ముక్క రాసింది నేనని. ఆమె పేరు ఆ జాబితాలో ఇప్పటికీ లేదు.