బతికిందని చెప్పాను

పదకొండేళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. దాచిపెట్టి కాదు. ఏడాదికోసారి నిండు క్లాసులో, మైకు పట్టుకుని చెబుతూనే ఉన్నాను. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో అనగలుగుతున్నాను.

సిరిసిల్లలో ఉంటాను. మెడికల్ విద్యార్థులకు విపత్తు వైద్యం చెబుతాను. ఒకేసారి పదిమంది గాయపడి వస్తే ఎవరిని ముందు చూడాలి, ఎవరు కాసేపు ఆగగలరు అన్నది నా పాఠం. "అరిచేవాడికి ఊపిరి ఆడుతున్నట్టే. ముందు అరవని మనిషి దగ్గరికి వెళ్లండి" అంటాను. పిల్లలు రాసుకుంటారు. అప్పుడు కోరుట్ల కథ చెబుతాను.

కథలో సగం నిజం. పాఠాలు చెప్పడానికి రాకముందు కోరుట్లలో ఒక చిన్న ఆసుపత్రిలో డ్యూటీ డాక్టర్ని. మధ్యాహ్నం పూట, వేములవాడలో మొక్కు తీర్చుకుని వస్తున్న ట్రాలీ ఆటో ఒక బైకును గుద్ది బోల్తా పడింది. బైకు మీది యువకుడికి కాలు విరిగి ఎముక బయటికొచ్చింది. గట్టిగా కట్టు కట్టాక రక్తం ఆగింది. అయినా కేకలు పెడుతూనే ఉన్నాడు. ఆటోలోంచి తెచ్చిన వాళ్లలో ఒక బీడీ కార్మికురాలు ఉంది. ఒంటి మీద గాయం లేదు. మాట లేదు. నాడి పట్టుకున్నాను. నూట ముప్పై. పొట్ట గట్టిగా ఉంది. లోపల రక్తం పోతోందని నాకు అర్థమైంది. అర్థం కాలేదని ఇవాళ్టికీ చెప్పుకోలేను.

అంబులెన్సు ఒకటే ఉంది. కరీంనగర్ పోవాలి. అందులో ఒక్కరికే చోటు.

యువకుడి వాళ్లు ముప్పై మంది దాకా వచ్చారు. "ముందుగాల మావోన్ని పంపుతవా, లేదా?" అని ఒకాయన బల్ల మీద కొట్టాడు. ఆమె పక్కన కూతురు ఒక్కతే.

"మేడం, మా అవ్వ సల్లగైతున్నది. జర సూడుండ్రి."

"చూసిన. ఏం కాదు, కూసో."

"మాట్లాడ్తలేదు మేడం."

"భయపడ్డది, అంతే. ఇంకో బండి వస్తున్నది."

యువకుణ్ని ఎక్కించాను. జగిత్యాల నుంచి ఇంకో బండి వచ్చేసరికి గంట దాటింది. అప్పటికి ఆమె లేదు.

గుంపుకు భయపడ్డాను. అది భయమే అనుకుందాం. మరి ఆ తర్వాత చేసింది? చేతులు కడుక్కున్నాను. కుర్చీలో కూర్చున్నాను. కేసు షీటులో ఆమె పేరు ఎదురుగా, వచ్చినప్పుడు నాడి మామూలుగానే ఉన్నట్టు, ఎనభై ఎనిమిది అని రాశాను. గుంపు అప్పటికే వెళ్లిపోయింది, నన్ను ఎవరూ ఏమీ అడగలేదు, అడగకముందే జవాబు సిద్ధం చేసి పెట్టుకున్నాను. దాన్ని ఏమనాలి?

పోయేముందు కూతురు నా రెండు చేతులూ పట్టుకుంది. "మీరు శాన కష్టపడ్డరు మేడం" అంది. నేను తలూపాను.

క్లాసులో చెప్పే కథలో అంబులెన్సు ఎక్కింది ఆమె. బల్ల మీద కొట్టినాయనకు నేను ఎదురు నిలబడతాను. ఆమె బతుకుతుంది. మొదటి ఏడాది ఎందుకలా చెప్పానో గుర్తు లేదు. పాఠానికి బాగుంటుందనుకున్నానేమో. రెండో ఏడాదికి అలవాటైంది. పాఠం మాత్రం తప్పు కాదు, ఆ పాఠం విన్నవాళ్లు ఎక్కడో ఎవరినో కాపాడే ఉంటారు, అని ఎన్నోసార్లు నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. దాంతో నా తప్పు ఏమైనా తగ్గుతుందా? తగ్గదు.

మొన్న ఒక అమ్మాయి లేచి అడిగింది. "ఆమె మళ్ల మీకు కనబడ్డదా మేడం?"

"జగిత్యాల బస్టాండులో ఒకసారి కనబడింది" అన్నాను. నన్ను చూసి నవ్విందని కూడా చెప్పాను. క్లాసంతా చప్పట్లు కొట్టింది. ఇంటికొచ్చి అన్నం తిన్నాను. ఏడుపు రాలేదు. నిజంగానే బస్టాండులో చూసినట్టు ఆమె ముఖం నాకు కళ్లకు కట్టింది. అది చూసి మొదటిసారి నాకు నేనంటే భయమేసింది.

ఆ కూతుర్ని వెతకలేదు. వెతుకుతానని మాట కూడా ఇవ్వలేను. వచ్చే క్లాసులో ఏం చెబుతానో తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, అది మీ చేతుల్లో లేదు.

కథలో ఆమెకు ఎప్పుడూ పేరు పెట్టలేదు. లచ్చవ్వ. ఆ పేరు పైకి అనడం ఇదే మొదలు.