మంగు ఊకెనే లేస్తదా

మొన్న మా మనవరాలు తార్నాకలో చర్మం డాక్టరు దగ్గరికి పోతూ నన్ను తోడు తీసుకుపోయింది. యూనివర్సిటీలో పెద్ద చదువు చదువుతున్న పిల్ల, ఎండలో బండి మీద తిరిగి తిరిగి రెండు బుగ్గల మీదా, ముక్కు మీదా గోధుమరంగు మచ్చలు తెచ్చుకుంది. మనం మంగు అనేదాన్ని వీళ్ళు పిగ్మెంటేషన్ అంటారు. ముఖం మీది మచ్చకు డాక్టరెందుకు, జాజికాయ పాలలో అరగదీసి రాసుకుంటే చాలదా అని ఇంట్లో ఒక పూటంతా సణిగాను గానీ, నా మాట చెల్లే కాలం కాదు కదా, చెప్పులు వేసుకొని వెంట నడిచాను.

డాక్టరమ్మ చిన్న వయసుదే. లైటు పెట్టి ముఖమంతా చూసి, ఎండలో ఎంతసేపు ఉంటావు, నెలసరికి మాత్రలేమైనా మింగుతున్నావా, థైరాయిడ్ పరీక్ష చేయించావా అని ఒక్కొక్కటే అడిగింది. కడుపుతో ఉన్నవాళ్ళకు వస్తుందట, లేనివాళ్ళకూ వస్తుందట, ఎండకు వస్తుందట, కొన్ని ఇళ్ళలో తరతరానికీ దిగుతుందట. మంగుకు ఇన్ని దారులున్నాయని ఈ వయసులో నేను వినడం అదే మొదలు. చివరికి నా వైపు తిరిగి, "మీ ఇంట్ల ఇంకెవరికన్న ఉండెనా అమ్మా?" అని అడిగింది.

"మా చెల్లెకుండె" అన్నాను.

"అయితే మీ ఇంట్లనే ఉన్నది" అని కాగితం మీద రాసుకొని, పగలు ఎండకు అడ్డం పూసే క్రీము, రాత్రి కొన్ని నెలలు రాసే క్రీము, అప్పటికీ తగ్గకపోతే పైపొర తీసే మందు గురించి చెప్పింది. పూర్తిగా పోతుందని మాట ఇవ్వననీ, తగ్గినా ఎండను లెక్కచేయకపోతే మళ్ళీ వస్తుందనీ కూడా చెప్పింది. మనవరాలు తలూపుతూ వింటున్నది. నాకు మాత్రం ఆ తర్వాతి మాటలేవీ చెవికెక్కలేదు.

అమ్మ ముందే పోయింది, నాయిన కూడా పోయాక చెల్లె ఊరు విడిచి నా దగ్గరికి వచ్చింది. నాకన్నా పదేళ్ళు చిన్నది. అప్పుడు మేము తార్నాకలో రేకుల గది ఒకటి కిరాయికి తీసుకొని ఉండేవాళ్ళం. మా ఇంటాయన లారీ మీద పోతే ఎప్పుడొస్తాడో తెలిసేది కాదు. నేను యూనివర్సిటీలో ఆడపిల్లల హాస్టల్ మెస్సులో కూరగాయలు తరిగే పనిలో ఉన్నాను, చెల్లెను అక్కడే తోట పనికి పెట్టించాను. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మొక్కల మళ్ళలో కలుపు తీయడం, నీళ్ళు పెట్టడం. ఇరవై ఏళ్ళ పిల్ల. తలకు గుడ్డ చుట్టుకొమ్మంటే చుట్టుకునేది కాదు, ఉక్కపోస్తుందని.

నేను రెండో తరగతి దాకే చదివినదాన్ని. నాకు తెలిసిన చదువల్లా ఏదీ వృథా కానివ్వకపోవడం. కొత్త సబ్బును దారంతో రెండు ముక్కలు చేసి ఒక ముక్క పెట్టెలో దాచేదాన్ని. కూర మిగిలేలా ఎన్నడూ వండలేదు, ఒక్కోనాడు సరిపోయేలా కూడా వండలేదు. చెల్లె దేనికీ మూతి ముడిచేది కాదు, నవ్వేది. "అక్కా, సబ్బును సూపెట్టి పెట్టెల పెడుతున్నవు, వాసనతోనే ముఖం కడుక్కోవాల్నా?" అనేది. నాకు నవ్వొచ్చినా నవ్వేదాన్ని కాదు. తల్లి లేని పిల్లను పెంచేవాళ్ళు నవ్వితే పిల్ల చెడిపోతుందని నా నమ్మకం.

మెస్సులో రొట్టెలు చేసే ఒక పెద్దావిడ ఉండేది, అందరం పెద్దమ్మ అని పిలిచేవాళ్ళం. ఒకనాడు పిండి పిసుకుతూ, తలెత్తకుండానే, "నీ చెల్లె ముఖాన మంగు లేసింది, సూసినవా బిడ్డా?" అన్నది.

"ఎండల పనిగద పెద్దమ్మా, కమిలి ఉంటది."

"కమిలితే ముఖమంత కమలదా? మంగు ఊకెనే లేస్తదా? నాకు ఐదుగురు పిల్లలు, ఐదుసార్లు లేసింది. పెండ్లిగాని పిల్ల, జర సూస్కో."

మన ఈడు ఆడవాళ్ళకు ఈ మాటను విప్పి చెప్పనక్కర లేదు. మంగు లేచిందంటే కడుపు పండిందని మా వైపు లెక్క. మా అమ్మకు చెల్లె కడుపున పడ్డప్పుడు బుగ్గల మీద ఇట్లాగే లేచిందని నాకు బాగా గుర్తు, ఆ గుర్తే నన్ను ముంచింది. ఆ సాయంత్రం చెల్లె ఇంటికి వచ్చి ముఖం కడుక్కుంటుంటే తేరిపార చూశాను. నిజమే, రెండు బుగ్గల మీద సీతాకోకచిలుక రెక్కలు విప్పినట్టు మచ్చ. ఆ మరునాటి నుంచి బట్టల తీగ మీద కన్ను వేశాను. నెల తిరిగింది, ఆరేయవలసిన గుడ్డలు తీగ మీదికి రాలేదు. ఇక నాకు నిద్ర పట్టలేదు. ఆమె ఎవరితో మాట్లాడుతుందో, ఏ దారిన వస్తుందో గమనించాను, తోట పనివాళ్ళనూ ఆరా తీశాను, ఏమీ దొరకలేదు, దొరకకపోవడం వల్ల అనుమానం ఇంకా పెరిగింది.

తార్నాకలో అయితే తెలిసినవాళ్ళు చూస్తారని విద్యానగర్ వైపు ఒక ఆడ డాక్టరు ఉందంటే, నాకు నడుము నొప్పి, తోడు రమ్మని చెల్లెను తీసుకుపోయాను. దారి పొడుగునా పాపం ఆమె నా చేతిసంచి మోసింది. లోపలికి పోయాక డాక్టరమ్మ చెవిలో సంగతి చెప్పాను. ఆమె నా లాగా గుసగుసలాడే మనిషి కాదు, చెల్లెను పిలిచి అందరూ వినేటట్టే, నెల తప్పి ఎన్ని రోజులైందని అడిగింది. చెల్లె డాక్టరమ్మ వైపు చూడలేదు. నా నడుము వైపు చూసింది, తర్వాత నా ముఖంలోకి చూసింది.

పరీక్ష చేసి డాక్టరమ్మ నన్నే మందలించింది. కడుపూ లేదు, గిడుపూ లేదు, పిల్ల ఒంట్లో రక్తం లేదు, అందుకే నెల తప్పింది, ముందు కడుపు నిండా తిండి పెట్టమన్నది. మంగు సంగతి నేను అడగలేదు. అడిగి ఉంటే ఆమె కూడా ఎండ అని చెప్పేదేమో.

తిరుగుదారిలో బస్సు ఎక్కుదామంటే చెల్లె వినకుండా యూనివర్సిటీ లోపలి దారిన నడిచింది, నాకన్నా పది అడుగులు ముందు. చాలా దూరం పోయాక ఆగి, వెనక్కి తిరగకుండానే, "నన్నడిగితే చెప్పకపోదునా అక్కా? మందిని అడిగినవు, దవాఖానల అడిగినవు. నన్నడగకపోతివి" అన్నది.

తప్పయిందని అనవలసిన చోటు అది. నేనేమన్నానంటే, "నడువు, పొద్దు పోతున్నది" అన్నాను.

ఆ తర్వాత ఆమె జోకులు ఆగిపోయాయి. మచ్చ పోగొట్టుకోవాలని ఎవరో చెప్పిన ట్యూబు ఒకటి మందుల షాపులో కొనుక్కొచ్చింది, డాక్టరు రాసింది కాదు. నెల రోజుల్లో ముఖం తెల్లబడింది, నేను కూడా సంతోషించి, అంతదాకా ఆమెకు అరగదీసి ఇస్తున్న జాజికాయ ముక్కను పెట్టెలో పెట్టేశాను. ఆపేసరికి మచ్చ ముందుకన్నా నల్లగా తిరిగి వచ్చింది. మళ్ళీ రాసింది. అట్లా ఏడాది రాసేసరికి బుగ్గల చర్మం ఉల్లిపొరలా పలుచనై, సన్నని ఎర్ర నరాలు పైకి తేలి, పొయ్యి దగ్గర కూర్చుంటే మంట తట్టుకోలేక లేచిపోయేది. ఆ ట్యూబు దేనికి వాడేదో చదవగలిగినవాళ్ళు మా ఇంట్లో లేరు, చదివించుకోవాలని నాకు తోచలేదు.

ఆ పైన గోల్నాకకు ఇచ్చి పెండ్లి చేశాను. మంచివాడే దొరికాడు, మచ్చ గురించి ఒక్క మాట అనలేదు. ఇద్దరు పిల్లలు కలిగారు. రాకపోకలూ సాగాయి, పండుగకు చీర పెడితే కట్టుకునేది, నా పిల్లలను ఎత్తుకునేది. కానీ నేను ఎప్పుడు పోయినా ఆమె ముఖం నిండా పౌడరు ఉండేది. ముస్తాబు మీద సరదా అనుకున్నాను, దుబారా అని ఒకటి రెండుసార్లు కసిరాను కూడా. చాలా ఏళ్ళ తర్వాత ఆమె బిడ్డ నాతో మాటల్లో మాటగా, "ఊకెప్పుడు పెట్టదు పెద్దమ్మా. నువ్వొస్తున్నవంటెనే డబ్బా తీస్తది" అన్నది. ఆ పిల్ల నవ్వుతూనే చెప్పింది. నేను చేతిలోని చాయ్ తాగలేక కింద పెట్టేశాను.

అప్పుడైనా ఎందుకని చెల్లెను అడిగి ఉండవచ్చు. అడగడం నాకు చేతకాని పని. ఇవాళ కాదు రేపు అనుకుంటూ ఏళ్ళు గడిపేశాను.

చివరికి ఆమె మంచాన పడ్డదని కబురొచ్చి నేను వెళితే, గది తలుపు దగ్గర నన్ను కాసేపు ఆపారు. లోపల ఆమె బిడ్డతో ఏదో అంటున్నది, గొంతు లేవడం లేదు. తలుపు తీశాక చూస్తే, దిండు మీద తల ఎత్తలేని మనిషి ముఖాన పౌడరు ఉన్నది, ఒక బుగ్గ మీద ఎక్కువగా, ఒక బుగ్గ మీద తక్కువగా. "తిన్నవా అక్కా?" అని అడిగింది. తిన్నానన్నాను. మందులు వేళకు వేసుకొమ్మని చెప్పి వచ్చేశాను.

వారం తిరగకుండా పోయింది. ముత్తైదువగా పోయింది కాబట్టి స్నానం చేయించి పసుపు రాయాలి, పెద్దదాన్నని నన్నే ముందుకు పిలిచారు. నీళ్ళు పోసి నా చేతులతో ముఖం కడిగాను. ఎన్నో ఏళ్ళ తర్వాత చెల్లె ముఖాన్ని ఉన్నది ఉన్నట్టుగా అప్పుడు చూశాను. పలుచని చర్మం, రెండు మూడు ఎర్ర నరాలు. మంగు లేదు. వయసు మళ్ళినాక దానంతట అదే ఎప్పుడో మాసిపోయింది.

ఇప్పటి ఆడపిల్లలు ముఖం నిండా తెల్లగా మందు పూసుకొని అట్లాగే వచ్చి తలుపు తీస్తారు, పాలు పోసేవాళ్ళకైనా, చుట్టాలకైనా. మచ్చను ఫోటో తీసి స్నేహితురాళ్ళకు పంపి, ఏం రాయాలో అడుగుతారు. మంగు చూసి ఎవరూ నెలలు లెక్కపెట్టడం లేదు. మొదట్లో ఆ ముఖాలు చూస్తే నాకు సిగ్గు లేదా అని కోపమొచ్చేది. ఇప్పుడు రావడం లేదు. ఎదుటి మనిషిని చూసి ముఖం కప్పుకోనక్కర లేదనుకోవడం ఎంత పెద్ద చనువో నాకు తెలుసు, ఆ చనువు మా చెల్లెకు లోకమంతటితో ఉండేది, ఒక్క నాతో తప్ప.