అలగని మేనమామ

మా కేశవులు బస్సు టికెట్టు కొనడు. తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి కాలేజీకి మేమంతా ఫుట్‌బోర్డు పట్టుకుని వేలాడుతూ పోతుంటే, వాడు మాత్రం కిటికీ పక్క సీటులో, మెడలో పూలమాలతో, చేతిలో పులిహోర పొట్లంతో పెళ్ళికొడుకులా దిగేవాడు. పైసా ఖర్చు లేదు. ఎందుకంటే వాడు రోజూ ఎవరో ఒక పిల్లాడికి మేనమామ!

మా వైపు పిల్లలకు పుట్టువెంట్రుకలు తీయించాలంటే తిరుత్తణి మురుగన్ కొండకే పోవాలి. పిల్లాడు మేనమామ ఒడిలో కూర్చుంటేగానీ మంగలి కత్తి ముట్టడు. శోళవరం నుంచీ, గుమ్మిడిపూండి నుంచీ చుట్టాలంతా కలిసి బస్సు మాట్లాడుకుని బయల్దేరతారు, తిరువళ్ళూరులో కాఫీలకు ఆగుతారు. ఆగిన బస్సుల్లో సగానికి మేనమామ ఉండడు. అలిగి ఇంట్లో పడుకుని ఉంటాడు. పత్రిక ముందు తమ్ముడికి ఇచ్చారనో, పెట్టిన పంచెకు అంచు సన్నగా ఉందనో. మేనమామ అన్నాక అలగాలి. అది వాడి జన్మహక్కు.

కేశవులు పొద్దున్నే తలంటుకుని, విభూతి దట్టించి, ఆ కాఫీ క్లబ్బు ముందు నిలబడేవాడు. బస్సు ఆగగానే కిటికీలోకి తల పెట్టి అడిగేవాడు.

"మామ ఉండాడా?"

"యాడుండాడు నాయనా! పంచె బాగలేదని ముసుగు తన్ని పండుకున్నాడు మహానుభావుడు."

"నేనొస్తా. పంచె వద్దు, పత్రిక వద్దు. నేను అలగను."

ఆ చివరి మాటకు బస్సు బస్సంతా కరిగిపోయేది. ముసలమ్మలు లేచి సీటిచ్చేవాళ్ళు.

క్లాసుకు వచ్చేసరికి వాడి చొక్కా నిండా వెంట్రుకలు, నుదుట చందనం, పంట్లాము ముందంతా తడి. మా లెక్చరర్‌కు కూడా అలవాటైపోయింది.

"ఏమప్పా, ఈ పొద్దు ఎవురికి?"

"గుమ్మిడిపూండి కవలలకు సార్. తొడకొకడు."

ఒకసారి తొందరలో ఏ కొండకని అడక్కుండా ఎక్కేశాడు. మురుగన్ అంటే తిరుత్తణే కదా అనుకుని హాయిగా నిద్రపోయాడు. సేలంలో మెలకువ వచ్చింది. ఆ బస్సు పోతున్నది పళని మురుగన్ కొండకు! "దిగి రావొచ్చు కదరా," అన్నాను, తిరిగొచ్చాక. "దిగితే టికెట్టు కొనాలి కదరా లోకా," అన్నాడు. పళనిలో ఏడుగురు పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని, బస్సు బస్సూ మారి, వారం తర్వాత ఊరు చేరాడు. ఏ ఊరి సంతలో నిలబడ్డా ఏదో ఒక గుండు "మామా!" అంటూ వచ్చి వాడి కాళ్ళను చుట్టుకునేది. తమాషా ఏమిటంటే సొంతానికి వాడికి అక్కా లేదు, చెల్లీ లేదు. వాళ్ళ నాయన వెంకటాచలం గారికి ఒక్కడే కొడుకు. బజారులో కిరాణా కొట్టు ఉన్నా, ఆయన కొడుక్కి ఇచ్చే చిల్లరతో బస్సును చూడొచ్చుగానీ ఎక్కలేం.

ఇక ఆ రోజు సంగతి. మాకు పది గంటలకు ఆఖరి పరీక్ష. మురుగన్‌కు ఇష్టమైన కృత్తిక పండగ కావడంతో మామూలు బస్సుల్లో కాలు పెట్టే సందు లేదు. కేశవులు నన్ను కూడా మింజూరు వాళ్ళ బస్సులో ఎక్కించాడు.

"ఈయనెవురు?" అన్నారు.

"మేనమామకు తోడు," అన్నాడు.

పిల్లాడి తల్లి పేరు దేవకి. తల్లిదండ్రులు పోయారు, అన్నదమ్ములు లేరు. ఆ విషయం బస్సు కదలగానే ఆమె అత్త అలిమేలమ్మ అందరికీ వినిపించేలా చెప్పింది. "పుట్టింటోళ్ళు ఉంటే గదా మామ వచ్చేది! మావాడి ఖర్మ, ఒంటికొయ్యని కట్టుకున్నాడు." తిరుత్తణి దాకా అదే పాట. దేవకి పిల్లాడి తల నిమురుతూ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. దిగేటప్పుడు కేశవులుతో మెల్లగా అంది.

"తమ్ముడూ, కొండమీద చుట్టాలంతా ఉంటారు. వాళ్ళ ముందర ఎవురూ ఏమీ అనకుండా ఈ పని అయిపోతే నాకు చాలు."

"నేను అలగనక్కా. నువ్వు భయపడొద్దు."

కొండమీద కేశవులుకు చందనం పూశారు, మాల వేశారు, ఒళ్ళో పిల్లాడిని పెట్టారు. మంగలాయన తలకు నీళ్ళు రాస్తున్నాడు. ఎవరో పెద్దావిడ, "దేవకి తమ్ముడా? కళగా ఉండాడే!" అంది.

"తమ్ముడా పాడా!" అంది అలిమేలమ్మ. "దావలో దొరికినోడు. దీనికి తమ్ముడ్ని కూడా మనమే బస్సెక్కించి తేవాల్సి వచ్చె!"

అందరూ గొల్లున నవ్వారు. దేవకి తల వంచుకుంది.

కేశవులు లేచాడు. పిల్లాడిని దేవకి చేతికిచ్చి, స్తంభం దగ్గరికి పోయి, గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

"ఏమైందిరా?" అన్నాను.

"అలిగినాను."

"ఒరేయ్, పరీక్షరా! ఇప్పుడా అలిగేది?"

"ఊరికే బస్సెక్కినోడికి అలకేమి?" అని దేవకి మామగారు జయరామ ఎగిరాడు. "ఇంకొకర్ని కూర్చోబెడదాం పదండి!"

మంగలాయన కత్తి మడిచేశాడు. "మాల పడిన మామను మారిస్తే పిల్లోడికి మంచిది కాదు సామీ," అని వక్కాకు తీసి నములుతూ కూర్చున్నాడు. ఇలాంటివి ఎన్ని చూశాడో మహానుభావుడు!

కేశవులు నా చెవిలో గొణిగాడు. "లోకా, బాగా బతిమాలు. బతిమాలే దిక్కు లేకుంటే అలక నిలబడదు."

బతిమాలడమా? కాళ్ళు పట్టుకున్నాను! "నీకు పుణ్యముంటుంది లేవరా, సంవత్సరం పోతుందిరా," అని నిజంగానే ఏడ్చాను. అది చూసి జయరామ మెత్తబడ్డాడు. "పాపం, ఆ తోడొచ్చిన పిల్లోడే అంతగా ఏడస్తా ఉండాడు. మనం అడక్కుంటే బాగుంటాదా? ఏం కావాల నాయనా, పంచె?"

"వద్దు."

"చొక్కాగుడ్డ?"

"వద్దు. మా అక్క చెప్తే లేస్తా. ఆయమ్మ చెప్పకుంటే ఈడనే సన్యాసం."

మింజూరు మింజూరంతా దేవకి వైపు తిరిగింది. మొగుడు మోచేత్తో పొడిస్తే, చివరికి అలిమేలమ్మ అంది. "దేవకీ, నువ్వైనా చెప్పమ్మా."

దేవకి అత్తను చూసింది. గోడకేసి తిరిగిన ఆ వీపును చూసింది. కళ్ళు తుడుచుకుని, కొంగు నడుముకు దోపుకుంది.

"చెప్తే వినే రకమా అత్తా వాడు? చిన్నప్పట్నుంచీ అంతే, ముక్కు మీదుంటాది కోపం."

నేను నోరు తెరిచాను. ఈవిడ వాణ్ణి చూసిందే ఆ పొద్దున కాఫీల దగ్గర! కేశవులు గోడవైపు నుంచే, అవునన్నట్టు తలాడించాడు.

"ఇంకొక మాట చెప్పి చూడు తల్లీ," అంది అలిమేలమ్మ.

"నేనొకదాన్నే చెప్తే దిగిరాడు. మీరూ ఒక మాట అనండి."

అలిమేలమ్మ స్తంభం దాకా నడిచింది. "లే నాయనా. నోరు జారినా. తప్పు మాదే."

"రారా తమ్ముడా," అంది దేవకి, ఇంటి కోడలిలా కాదు, ఇంటి యజమానురాలిలా. కేశవులు బుద్ధిగా వచ్చి కూర్చున్నాడు. పిల్లాడు కొండ దద్దరిల్లేలా ఏడుస్తూ గుండు కొట్టించుకున్నాడు.

అలకా, బతిమాలడమూ, గుండూ అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. మేము మెట్లు దూకుతూ కాలేజీకి చేరేసరికి అందరూ పరీక్ష రాసేసి బయటికొస్తున్నారు. వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను.

"ఆయమ్మ కోసం ఏడాది పోగొట్టుకున్నావు కదరా, నాది కూడా కలిపి!"

"ఛ, ఆయమ్మ కోసమెందుకు? అలిగితే తిరుగు బస్సులో కూడా ముందు సీటిస్తారని," అన్నాడు. చెప్పేటప్పుడు నా మొహం మాత్రం చూడలేదు.

కొన్ని నెలల తర్వాత చింతపండుకని నేను వెంకటాచలం గారి కొట్టుకు పోతే, ముందర జట్కా ఆగింది. పట్టుచీరలో అలిమేలమ్మ, ఉత్తరీయంతో జయరామ దిగారు. చేతుల్లో పళ్ళూ తాంబూలమూ పెట్టిన పళ్ళెం.

"కేశవులు వాళ్ళ నాయన మీరే గదా? కాఫీ క్లబ్బులో అడిగితే ఈ కొట్టు చూపించినారు. మేము మీ దేవకి అత్తామామలం. పిల్లోడికి చెవులు కుట్టిస్తా ఉండాం. మీవాడి కోపం తెలిసిందే గదా, అందుకే పత్రిక పంపకుండా మేమే వచ్చినాం పిలిచేదానికి."

వెంకటాచలం చేతిలో తక్కెడ ఆగిపోయింది. కేశవులు బెల్లం బస్తాల వెనక్కి నక్కాడు. అయిపోయింది, ఇప్పుడు ఈ పెద్దమనిషి 'నాకు కూతురెప్పుడు పుట్టింది' అంటాడనుకున్నాను. ఆయన బస్తాల వైపు చూశాడు, నా వైపు చూశాడు, ఆ పళ్ళెం వైపు చాలాసేపు చూశాడు. తక్కెడ కింద పెట్టి, చేతులు పంచెకు తుడుచుకుని లేచాడు.

"ఎండలో నిలబడినారే, లోపలికి రండి," అన్నాడు. ఆ తర్వాత మొహం కాస్త ముడుచుకుని, "అవునుగానీ వియ్యంకుడు గారూ, ఇంత దూరం వచ్చి మా అమ్మాయిని వెంట తీసుకురాలేదేమి?" అన్నాడు.